రెడ్మండ్‌లో నాలుగు కుర్చీల ఆట

అమెరికాలో సియాటిల్ వెళ్లినవాళ్లు స్పేస్ నీడిల్ ఎక్కుతారు. వాన తెరిపిస్తే రెయినీర్ కొండతో ఫొటో దిగుతారు. మా తమ్ముడు మాత్రం నన్ను ఓ పేకాట దుకాణానికి తీసుకెళ్లాడు. ఇస్పేటూ, ఆఠీనూ లేని పేక అది. బల్లకు నలుగురు కూర్చుంటారు, గెలిచేది ఒక్కరే. ముక్కల్ని చదవడం ఎంత ముఖ్యమో, ఎదుటి ముగ్గురినీ చదవడం అంతకన్నా ముఖ్యం.

నవంబరు నెల. శనివారం ఉదయం. రెడ్మండ్‌లో సన్నటి జల్లు పడుతోంది. మన దగ్గర పడే వానలా దబదబా కురిసి పోయేది కాదు. పొద్దుట మొదలుపెట్టి రాత్రిదాకా జల్లెడ పడుతూనే ఉంటుంది. స్నోక్వాల్మీ జలపాతం చూడ్డానికి వెళ్దామని ముందురోజే అనుకున్నాం. స్వెట్టరు వేసుకుని తయారయ్యాను కూడా. అంతలో మా పిన్ని కొడుకు మొహమాటపడుతూ వచ్చాడు.

''అక్కా, జలపాతం రేపు చూద్దామా? ఇవాళ నాకు టోర్నమెంటు ఉంది. నువ్వూ రాకూడదూ... పేకాట!''

పక్కనే కాఫీ తాగుతున్న పిన్ని గిన్నె ఠక్కున కింద పెట్టింది. ''ఇంతదూరం చదివించి పంపింది ఇందుకేనటే!'' అని నావైపు చూసింది. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి పోదామని వచ్చింది ఆమె. ఆ మాటలో సగం కోపం, సగం వేళాకోళం. పేకాట అనగానే మనకు గుర్తొచ్చేది చెట్టు కింద పరిచిన తువ్వాలూ, పోలీసుల దాడీ, ఇంట్లో గొడవలే కదా.

ముప్పయ్యేళ్లు దాటిన సాఫ్ట్‌వేరు ఇంజినీరు వారాంతం మొత్తం ఎందుకు ధారపోస్తున్నాడో చూద్దామనిపించింది. సరేనన్నాను.

దారిలోనే పుట్టిల్లు

నిజానికి ఆ ఆట పుట్టింటిని నేను అప్పటికే చూసేశాను. రెండ్రోజుల కిందట విమానాశ్రయం నుంచి వస్తూ మా తమ్ముడు కారును రెంటన్ మీదుగా తిప్పాడు. లేక్ వాషింగ్టన్ దక్షిణపు ఒడ్డున బోయింగ్ కర్మాగారం ఉంది. 737 విమానాలు తయారయ్యేది అక్కడే. రంగులు వేయని విమానాలు ఆకుపచ్చటి ఒంటితో వరసగా నిలబడి ఉన్నాయి. ''ఈ ఊళ్లో రెండు తయారవుతాయక్కా. ఒకటి విమానం, రెండోది మా పేక'' అన్నాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

కథ వింటే ఆ రెండింటికీ చుట్టరికం ఉందని తెలిసింది. 1990లో పీటర్ ఆడ్కిసన్ అనే బోయింగ్ ఉద్యోగి కొందరు స్నేహితులతో కలిసి విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే చిన్న ఆటల కంపెనీ పెట్టాడు. 1991లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణిత విద్యార్థి తాను తయారుచేసిన బోర్డు ఆట ఒకటి తెచ్చి చూపించాడు. దాన్ని అచ్చు వేసేంత డబ్బు ఆడ్కిసన్ దగ్గర లేదు. ''జేబులో పట్టేది, చప్పున ఆడి ముగించేది ఏదైనా చేసిపెట్టు. సమ్మేళనాలకు వచ్చినవాళ్లు ఖాళీ దొరికినప్పుడు ఆడుకునేలా ఉండాలి'' అని అడిగాడట. గార్ఫీల్డ్ చేసిచ్చినదే 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'. 1993 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది. మొదట అచ్చువేసిన సుమారు 26 లక్షల ముక్కలు కొన్ని వారాల్లోనే అమ్ముడైపోయాయి. అదే ఏడు గార్ఫీల్డ్‌కు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేటు వచ్చింది. 1999లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో విజార్డ్స్‌ను కొనేసింది. కార్యాలయం మాత్రం రెంటన్‌లోనే ఉంది.

సేకరించి, మార్చుకుని, సొంత కట్ట కట్టుకుని ఆడే పేకలన్నింటికీ పెద్దన్న ఇదే. పోకేమాన్, యుగియో లాంటివి తర్వాత వచ్చాయి.

రమ్మీ తెలిస్తే సగం తెలిసినట్టే

దుకాణం ఓ చిన్న వరస కొట్ల మధ్య ఉంది. ఒకపక్క వియత్నాం నూడుల్స్ హోటలు, ఇంకోపక్క బట్టలు ఉతికే షాపు. లోపలికి వెళ్తే ముందు అద్దాల బీరువాలు. నగల దుకాణంలోలాగే ఒక్కో ముక్కా ప్లాస్టిక్ తొడుగులో, పక్కన ధర చీటీతో. ఒకటి 40 డాలర్లు, ఒకటి 300. వెనక హాల్లో పొడవాటి బల్లలు, మడత కుర్చీలు, తడిసిన కోట్ల వాసన. 16 మంది పోటీదారులు. ప్రవేశ రుసుము 25 డాలర్లు. గెలిస్తే దక్కేది డబ్బు కాదు, అదే దుకాణంలో సరుకు కొనుక్కునే చీటీ.

ఆట అర్థం కావడానికి మా తమ్ముడు నాకు రమ్మీతోనే మొదలుపెట్టాడు. ''రమ్మీలో అందరిదీ ఒకే కట్ట కదక్కా. ఇక్కడ ఎవరి కట్ట వాళ్లు ఇంటిదగ్గరే కట్టుకుని తెస్తారు. సగం ఆట అక్కడే అయిపోతుంది.''

ఇప్పటిదాకా వచ్చిన రకరకాల ముక్కలు పాతిక వేలకు పైమాటే. వాటిలోంచి ఏరి కట్ట కట్టాలి. ముక్కల్లో కొన్ని 'భూములు'. వంతుకు ఒకటి చొప్పున బల్లమీద పరుస్తారు. వాటినుంచి వచ్చే ఇంధనం పేరు 'మానా'. ఆ మానా ఖర్చుపెట్టి మిగతా ముక్కలు వేస్తారు. అందులో పోట్లాడే జంతువులుంటాయి, మంత్రాలుంటాయి. ఎదుటివాడు వేసిన మంత్రాన్ని గాల్లోనే రద్దుచేసే ప్రతిమంత్రాలూ ఉంటాయి. ఎదుటివాడి 'ప్రాణం' అంకెను సున్నాకు దించితే గెలుపు. ఇంకా వంకరదారులు ఎన్నో ఉన్నాయి.

ఎంత వంకరంటే... ఈ ఆట నిబంధనలతో ఒక కంప్యూటరునే నిర్మించవచ్చని 2019లో ముగ్గురు పరిశోధకులు చూపించారు. అంటే కొన్ని ఆటల్లో చివరికి ఎవరు గెలుస్తారో ఏ ప్రోగ్రామూ ముందుగా తేల్చి చెప్పలేదన్నమాట. చదరంగం విషయంలో అలా అనలేం.

అలాస్కా చలిలో పుట్టిన పద్ధతి

మొదట్లో ఈ ఆట ఇద్దరిదే. 1994లో మిల్వాకీలో జరిగిన తొలి ప్రపంచ పోటీలోనైనా, 1996లో న్యూయార్కులో మొదలైన ప్రో టూర్‌లోనైనా ఎదురెదురుగా ఇద్దరే. నలుగురు కలిసి ఆడే పద్ధతి కంపెనీ ఆలోచన కానేకాదు. 1990ల మధ్యలో అలాస్కాలో కొందరు స్నేహితులు తమ సరదా కోసం పెట్టుకున్నది. అయిదు ముసలి డ్రాగన్ల ముక్కల్లో ఒకదాన్ని సేనానిగా ఎంచుకుని, మిగతా 99 ముక్కల్లో ఏదీ రెండోసారి రాకుండా కట్ట కట్టేవారు. భూముల్లో మామూలు రకాలకు మాత్రం మినహాయింపు. షెల్డన్ మెనరీ అనే మ్యాజిక్ జడ్జి ఆ పద్ధతిని ఊరూరా పరిచయం చేశాడు. 2011లో కంపెనీయే దానికోసం తయారు కట్టలు అమ్మడం మొదలుపెట్టింది. పేరు 'కమాండర్'గా మారింది. మెనరీ 2023లో మరణించేనాటికి అమెరికాలో మ్యాజిక్ అంటే చాలామందికి కమాండరే.

స్నేహితుల కాలక్షేపంగా పుట్టిన ఆ పద్ధతిలో పోటీలు పెడితే ఎలా ఉంటుంది? అదే నేను చూసింది. నలుగురు ఒక బల్ల. ఒక్కొక్కరికీ 40 ప్రాణాలు. రౌండుకు 80 నిమిషాలు. గెలిస్తే 5 పాయింట్లు, సమయం అయిపోయో, నలుగురూ ఒప్పుకునో డ్రా అయితే తలా ఒకటి, ఓడితే సున్నా. మూడు రౌండ్ల తర్వాత పైనున్న నలుగురు తుది బల్ల ఎక్కుతారు.

లెక్క ప్రకారం ఒక్కొక్కరికి పాతిక శాతం అవకాశం ఉండాలి. కానీ ఉండదు. ఇద్దరి ఆటలో ముందు ఆడేవాడు తన మొదటి వంతులో ముక్క లాగకూడదు. ముందు ఆడే లాభానికి అది విరుగుడు. నలుగురి ఆటలో ఆ విరుగుడు లేదు. మొదటి కుర్చీవాడు ముందు ఆడతాడు, ముక్కా లాగుతాడు. అందుకే మొదటి కుర్చీ గెలుపులు ఎక్కువ, నాలుగో కుర్చీవి తక్కువ. కుర్చీని బట్టి వ్యూహం మార్చాల్సిందే. మొదట కూర్చున్నవాడు దూకుడుగా పోవచ్చు. నాలుగో కుర్చీలో దూకుడు కట్ట పట్టుకుని కూర్చుంటే, మనం గేరు మార్చేలోపు ముందువాడు ఊరు దాటేస్తాడు. అక్కడ చేతిలో అడ్డుకునే ముక్కలుండాలి.

చెయ్యి బాగోలేకపోతే ఏడు ముక్కలూ తిరిగి కలిపేసి, కొత్తగా ఏడు తీసుకోవచ్చు. నలుగురి ఆటలో మొదటిసారి అలా చేస్తే నష్టమేమీ లేదు. ''పర్వాలేదులే అనిపించే చెయ్యే ప్రమాదం. అది అటు గెలవదు, ఇటు ఆపదు. దాన్ని వదిలేయడానికే గుండె కావాలి'' అన్నాడు మా తమ్ముడు. మొదటి రౌండులో అతను చక్కగా ఉన్నట్టే కనిపించిన ముక్కల్ని అలాగే వదిలేశాడు. నాలుగో వంతులో గెలిచాడు.

ఎత్తుగా కనపడితే దెబ్బ

అతని వెనక స్టూలు వేసుకుని కూర్చున్న నాకు కాసేపటికి ఒకటి అర్థమైంది. ఇద్దరి ఆటలో బలంగా ఉండటం ఎప్పుడూ మంచిదే. నలుగురి ఆటలో బలంగా కనపడటం నేరం. అందరికంటే ముందున్నవాడిమీద మిగతా ముగ్గురూ ఒక్కటైపోతారు. అందుకే ఆరితేరినవాళ్లు రెండో స్థానంలో నడుస్తూ ఉంటారు. ''నాదేముంది, ఆ అమ్మాయి బల్ల చూడండి'' అంటూ వేలు చూపిస్తారు. పెళ్లిళ్లలో ఆస్తిపాస్తుల మాట వచ్చినప్పుడు మన పెద్దలు మాట్లాడినట్టే!

ఓ ముక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పేరు 'రిస్టిక్ స్టడీ'. 2000 సంవత్సరంలో వచ్చింది. అది ఎవరి ముందుంటే, మిగతావాళ్లు మంత్రం వేసినప్పుడల్లా ఒక మానా సుంకం కట్టాలి. కట్టకపోతే ముక్క యజమాని అదనంగా ఒక ముక్క లాగవచ్చు. హాలంతా ఒకటే మాట వినిపిస్తుంటుంది: ''ఒకటి కడతారా?''

అబ్బే, ఒక్క మానానే కదా అనిపిస్తుంది. కట్టినవాడి ఆట కొంచెం నెమ్మదిస్తుంది, కట్టనివాడిది పరుగెడుతుంది. కానీ కట్టనివాడి పుణ్యమా అని యజమాని చేతిలో ముక్కలు పెరుగుతాయి. అవి కట్టినవాళ్లకూ ముప్పే. ముగ్గురూ కడితే ఆ ముక్క దండగ. ఒక్కరు ఎగ్గొడితే ముగ్గురికీ నష్టం. రెండో రౌండులో మా తమ్ముడి బల్ల దగ్గర ఒకాయన అయిదుసార్లు ఎగ్గొట్టాడు. చివరికి ఆ యజమాని చేతినిండా ముక్కలు. అతన్ని ఆపడానికే మిగతా ముగ్గురికీ సమయమంతా సరిపోయింది. 80 నిమిషాలూ అయిపోయాయి. డ్రా. తలా ఒక పాయింటు.

చేతిలో ఉంది, వేయలేదు

మధ్యాహ్నం పక్క హోటల్లో నూడుల్స్ తిని వచ్చాక మూడో రౌండు. మా తమ్ముడి పాయింట్లు ఆరు. డ్రా చేసుకుంటే ఏడు, తుది బల్లకు సరిపోవచ్చు.

మొదటి కుర్చీలో ఊదారంగు జుట్టు కుర్రాడు. రెండో కుర్చీ మా తమ్ముడిది. మూడో కుర్చీలో ఒక పెద్దాయన, బోయింగ్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడట. నాలుగో కుర్చీలో కాలేజీ అమ్మాయి. నలభై నిమిషాలు ఎవరూ బయటపడలేదు. ఆ తర్వాత కుర్రాడు గొంతు సవరించుకుని ఒక ముక్క వేశాడు. 'థాసాస్ ఒరాకిల్'. బల్ల చుట్టూ ఊపిరి ఆగింది.

దాని కథ చిత్రంగా ఉంటుంది. కట్టలో ముక్కలు దాదాపు అయిపోయినవాడిని అది గెలిపిస్తుంది. అది వేసిన వెంటనే కుర్రాడు 'డెమోనిక్ కన్సల్టేషన్' అనే ఇంకో మంత్రం వేశాడు. కట్టలో లేని ముక్క పేరు చెప్పి దానికోసం వెతికిస్తే, ఆ వెతుకులాటలో కట్ట మొత్తం ఖాళీ అయిపోతుంది. ఖాళీ అయితే ఒరాకిల్ మాట నెగ్గుతుంది. రెండు ముక్కలు, మూడు మానాలు... ఆట సమాప్తం. కట్ట ఖాళీ కాకముందే ఆ రెండో మంత్రాన్ని ఎవరైనా రద్దు చేయాలి.

అడ్డుకునే అవకాశం వరసగా ఒక్కొక్కరికీ వస్తుంది. ముందు మా తమ్ముడికి, తర్వాత పెద్దాయనకు, చివర అమ్మాయికి. ముగ్గురూ వద్దనుకుంటే మంత్రం పారుతుంది. మా తమ్ముడి చేతిలో 'ఫోర్స్ ఆఫ్ విల్' ఉంది. నా కళ్లతో చూశాను. మానా లేకున్నా వేయగల ప్రతిమంత్రం అది. ఒక ప్రాణం, చేతిలోని ఇంకో నీలి ముక్క వదులుకుంటే చాలు. అంటే దాన్ని వేసినవాడికి రెండు ముక్కలు ఖర్చు. పక్కనున్న ఇద్దరికి పైసా ఖర్చు లేకుండా ప్రాణం దక్కుతుంది. ఆ తర్వాత చెయ్యి ఖాళీ అయిన మా తమ్ముడిని దాటుకుని వాళ్లిద్దరిలో ఒకరు గెలుస్తారు.

మరి వేయడం ఎందుకు? నాలుగో కుర్చీ అమ్మాయి దగ్గరా ఉంటే ఆమే వేస్తుంది కదా. చివరి మనిషికి తప్పించుకునే దారి ఉండదు. ముందు కుర్చీవాడు చివరి కుర్చీమీదికి బరువు తోయడం ఈ ఆటలో పేరున్న ఎత్తుగడ. మా తమ్ముడు ఆమెను చూశాడు. ఆమె ముందు రెండు నీలి భూములు వాడకుండా ఉన్నాయి. చేతిలో రెండు ముక్కలు.

''నీ దగ్గర ఏమైనా ఉందా?'' అని అడిగాడు. అడగవచ్చు. చేతిలో ముక్కల గురించి అబద్ధం చెప్పినా తప్పు కాదు. బల్లమీద అందరికీ కనిపించేదాని గురించి అడిగితే మాత్రం అబద్ధమాడకూడదు.

ఆమె చిరునవ్వు నవ్వింది. ''ఆ మాట మీరు వదిలాక అడగండి'' అంది.

మా తమ్ముడు నాలుగైదు క్షణాలు ఆలోచించాడు. ''వదిలేశాను'' అన్నాడు.

పెద్దాయన రెండు చేతులూ పైకెత్తాడు. లేదన్నమాట.

అందరి కళ్లూ అమ్మాయివైపు. ఆమె మొహంలో నవ్వు మాయమైంది. ముక్కలు రెండూ తిప్పి చూపించింది. రెండూ భూములే. ఆమె ఆడిన నాటకం అంతా మా తమ్ముడి చేతిలో ముక్క ఖర్చుపెట్టించడానికి. అతను వేస్తాడని ఆమె, ఆమె వేస్తుందని అతను. కుర్రాడి కట్ట ఖాళీ అయింది. ఇక మిగిలింది ఒరాకిల్ మాట ఒక్కటే. అది మంత్రం కాదు కాబట్టి ఫోర్స్ ఆఫ్ విల్ దానిమీద పనిచేయదు. కుర్రాడు గెలిచాడు.

మా తమ్ముడు తన ముక్క తీసి బల్లమీద పెట్టాడు. పెద్దాయన దాన్ని చూసి ఏమీ అనలేదు. భుజం తట్టి లేచాడు. మొత్తం 16 మందిలో మా తమ్ముడు అయిదో స్థానంలో నిలిచాడు. తుది బల్లలో కుర్చీలు నాలుగే.

మాటే పెట్టుబడి

తుది పోటీ జరుగుతుంటే మేం కిటికీ పక్కన కాఫీలు పట్టుకుని నిలబడ్డాం. ఇందాకటి సంగతి అతన్ని వదల్లేదు.

''లెక్క ప్రకారం నేను చేసింది తప్పు కాదక్కా. ఆమె దగ్గర ఉండే అవకాశమే ఎక్కువ. కానీ ఉంటే నాకు వచ్చే లాభమెంత, లేకపోతే పోయేదెంత... అది చూసుకోలేదు. లాభం రెండు ముక్కలు. పోయేది ఆట మొత్తం.''

ఇలాంటి బల్లలమీద మరో చిక్కు ఉంది. ఇక గెలవలేనని తేలిపోయినవాడు కూడా ఎవర్ని ఆపాలో, ఎవర్ని వదలాలో నిర్ణయిస్తాడు. గెలవలేనివాడి చేతిలో గెలుపు తాళం ఉంటుంది. ఆ తాళం ఎలా వాడాలనేదానిమీద ఎడతెగని వాదనలు. కక్షతో వాడేవాళ్లూ ఉంటారు. ''ఈసారి నన్ను కొట్టకు, వచ్చే వంతు నిన్ను కొట్టను'' లాంటి ఒప్పందాలు బల్లమీద చేసుకోవచ్చు. నిలబెట్టుకోవాలని నిబంధన ఏదీ లేదు. కానీ వచ్చే శనివారం అదే బల్ల, అవే మొహాలు. ఒకసారి మాట తప్పినవాడికి ఆ తర్వాత బేరం పుట్టదు. బహుమతిలో వాటా ఇస్తానని చెప్పి గెలుపు కొనుక్కోవడం మాత్రం నిషేధం. పట్టుబడితే పోటీ నుంచే బయటికి పంపిస్తారు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇలాంటి పోటీ కట్ట అసలు ముక్కలతో కట్టాలంటే వేల డాలర్లవుతుంది. కొన్ని పాత ముక్కల్ని మళ్లీ ఎప్పటికీ అచ్చువేయబోమని కంపెనీ 1996లోనే మాటిచ్చింది. వాటి ధర దిగిరాదు. అందుకని నలుగురి పోటీలు నడిపేవాళ్లలో చాలామంది నకలు ముక్కల్ని అనుమతిస్తారు. ఆ రోజు పోటీలోనూ అంతే. అమ్మాయి కట్టలో సగం ప్రింటరులో తీసినవే. ఓడినా గెలిచినా బుర్రతోనే గానీ పర్సుతో కాదు.

అయినా ముక్క అంటే ఆస్తి అనుకునేవాళ్లు లేకపోలేదు. 2024 సెప్టెంబరు 23న, నిబంధనలు చూసే స్వచ్ఛంద కమిటీ నాలుగు ముక్కల్ని నిషేధించింది. వాటిలో 'మానా క్రిప్ట్', 'జువెల్డ్ లోటస్' చాలా ఖరీదైనవి. మొదటి వంతుల్లోనే ఆటను ఏకపక్షం చేస్తున్నాయన్నది కమిటీ వాదన. ధరలు కుప్పకూలాయి. జీతం లేకుండా పనిచేస్తున్న ఆ కమిటీ సభ్యులకు బెదిరింపులు మొదలయ్యాయి. వారం తిరక్కుండానే వాళ్లు పెత్తనాన్ని కంపెనీకి అప్పగించి తప్పుకున్నారు. అలాస్కాలో స్నేహితులు సరదాగా మొదలుపెట్టిన పద్ధతి అలా కంపెనీ చేతికి వెళ్లిపోయింది. ఆ మాట చెబుతూ మా తమ్ముడు, ''అందరం చదివాం అక్కా ఆ బెదిరింపుల సంగతి. ఎవరో ఒకరు గట్టిగా అంటారులే అనుకున్నాం. నేనూ ఏమీ అనలేదు'' అన్నాడు.

కాసేపాగి ఇంకో సంగతి చెప్పాడు. రెండేళ్ల కిందట అతని ఉద్యోగం పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. హెచ్-1బి వీసామీద ఉన్నవాళ్లకు మరో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఆ సంగతి ఇక్కడ, ఈ బల్ల దగ్గరే నోరుజారి అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లంతా 'అయ్యో' అన్నారు. ఎవరికి తెలిసినవాళ్లు వాళ్లకు ఉన్నారు. అయినా 'నేను చూస్తాను' అని మొదట అన్నది ఆ పెద్దాయన ఒక్కడే. ఆ రాత్రే ఇద్దరికి ఫోన్ చేశాడు. 43వ రోజున ఉద్యోగం దొరికింది.

''ఇవాళ చేతులెత్తేశాడే, ఆయనే. నిజంగా ఆయన దగ్గర లేదక్కా. ఉంటే వేసేవాడు.''

తిరిగి రమ్మీ దగ్గరికి

రాత్రి ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే ఉంది. ''గెలిచావుట్రా?''

''లేదమ్మా. చేతిలో ముక్క పెట్టుకుని ఓడిపోయా.''

''అదేం చోద్యం! బొమ్మలు వదలకుండా పట్టుకు కూర్చుంటే రమ్మీలోనూ అంతే. ఎవడో షో చేశాక లెక్కంతా నీ నెత్తిమీదికే.''

పేకాటంటే మండిపడే పిన్నికి ఆ సంగతి ఎలా తెలుసని మేం మొహమొహాలు చూసుకున్నాం. సంక్రాంతి సెలవులకు పుట్టింట్లో అందరూ చింతపిక్కలు పందెం పెట్టి ఆడేవారట. బాబాయి దగ్గర మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదట!

రమ్మీ అదృష్టమా, నైపుణ్యమా అన్న ప్రశ్న మన గడ్డమీదే సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానిమీద పోలీసులు పెట్టిన కేసులో 1967లో తీర్పు వచ్చింది. పడ్డ ముక్కల్ని గుర్తుంచుకోవడం, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడం నైపుణ్యమేనని, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని న్యాయస్థానం చెప్పింది. డబ్బు పందెం సంగతి వేరు. ఆన్‌లైన్ రమ్మీతో ఇళ్లు గుల్లవుతున్నాయని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధించాయి. 2025లో దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం చట్టంతో ఆపింది. తీర్పులో చెప్పిన నైపుణ్యం మాత్రం రెడ్మండ్ హాల్లోనూ అదే: ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి.

భోజనాల దగ్గర పిన్నికి మూడో రౌండు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. అంతా విని, ''మన పాల గంగాళం కథే కదే!'' అంది. ఊళ్లో ప్రతి ఒక్కరూ చీకటిపడ్డాక తలో చెంబు పాలు పోయాలని రాజుగారు చాటింపు వేయించడం, అందరూ పోసే పాలలో నా ఒక్కడి నీళ్లు ఎవరికి తెలుస్తాయని ప్రతివాడూ అనుకోవడం, తెల్లారి చూస్తే గంగాళం నిండా నీళ్లే ఉండటం... చిన్నప్పుడు మాకు అన్నం తినిపిస్తూ ఆమె చెప్పిన కథే అది.

మా తమ్ముడు కంచంలో చెయ్యిపెట్టి అలాగే ఉండిపోయాడు. ''ఈ కథ నాకు తెలుసు'' అన్నాడు మెల్లగా.

''తెలుసుటగా... మరి వేయాల్సింది ముక్క!'' అంది పిన్ని, పెరుగు వడ్డిస్తూ.

అన్నట్టు, మీరెప్పుడైనా ఆ వైపు వెళ్తే ఇలాంటి దుకాణాల్లో ఒకదానికి తప్పక వెళ్లండి. చూడ్డానికి టికెట్టేమీ లేదు. ఎవరి చేతిలో ముక్కలు చూశారో పైకి అనకుండా ఉంటే చాలు, వెనక స్టూలు వేసి కూర్చోబెడతారు. వారాంతాల్లో పోటీలు పొద్దున్నే మొదలవుతాయి కాబట్టి తొందరగా బయలుదేరాలి. స్నోక్వాల్మీ జలపాతం అక్కడినుంచి కారులో అరగంట. మేం మర్నాడు వెళ్లాం. వాన తెరిపి ఇవ్వలేదుగానీ, జలపాతం మాత్రం నిండుగా దూకుతోంది.

దారిలో మా తమ్ముడి ఫోను మోగింది. వచ్చే శనివారం పోటీకి పేరు రాయమంటారా అని దుకాణం నుంచి కబురు. నావైపు ఓసారి చూసి, ''రాయండి'' అన్నాడు.